సముద్రముపై తీరిక దినము – శ్రావకుని విశ్రాంతి

మన కుటుంబములలో ఈ మధ్య ఒక క్రొత్త మాట వినవచ్చుచున్నది. సెలవులు వచ్చినచో పూర్వము శిఖర్జీకో, పాలితానాకో, కొలనుపాకకో పోవు ప్రసక్తి వచ్చెడిది. ఇప్పుడు పిల్లలు విహారనౌక మాట ఎత్తుచున్నారు. 2022 జూన్ నెలలో 'ఎంప్రెస్' అను పెద్ద నౌక చెన్నై, విశాఖపట్నము రేవుల నడుమ నడచినప్పటి నుండి ఈ మాట మన తెలుగు ప్రాంతములలో మరింత ఎక్కువైనది. ఆ ఓడ 1990లో కట్టినది. పదకొండు అంతస్తులు. సుమారు 1800 మంది ప్రయాణికులు పట్టుదురు. అందులో జైన భోజనము కూడ దొరకునని ప్రకటించుటచేత మనవారికి ఉన్న ఒక అడ్డంకి కూడ తొలగినది.

ఇంటిలోని పెద్దలు, "నీళ్ళమీద ఊరక కూర్చుండుటకు వేలకు వేలు పోయవలెనా?" అని అడుగుచున్నారు. పిల్లలు, "ఏడాది పొడుగునా కొట్టులో నిలబడినవాడు ఒక్క దినము తీరికగా ఉన్నచో పాపమా?" అని అడుగుచున్నారు. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. కనుక ఎవరిమీదను కోపము లేకుండ ఈ సంగతి విచారింతము.

ఇటువంటి ప్రయాణములో ఒక దినము ఏ రేవునకును చేరక, ఓడ నడిసముద్రముననే సాగును. దిగి చూడవలసిన ఊరు లేదు, కొనవలసిన సరుకు లేదు. తినుట, నిద్రించుట, నీళ్ళవంక చూచుట, ఇంతే. ఆ దినమే అన్నిటికంటె హాయిగా ఉండునని పోయివచ్చినవారు చెప్పుదురు. ఎందువలన? వర్తకుని శరీరము సెలవునాడు కూడ ఇంటిలో ఉండును గాని, మనస్సు గల్లాపెట్టె వద్దనే ఉండును. ఆ ఆసామి బాకీ, ఈ బిల్లు, రేపటి ధర, ఇవే తలంపులు. ఓడ తీరము విడిచి దూరము పోయినప్పుడు చేయి చాచినను అందని స్థితి ఏర్పడును. అందనిది కనుక మనస్సు కొంత ఊరుకొనును. అనగా అక్కడ హాయి నీళ్ళవలన వచ్చినది కాదు. హద్దు వలన వచ్చినది. ఇది గమనింపదగిన విషయము. ఏలయన, హద్దు గీసికొనుట మన ధర్మమునకు క్రొత్త కాదు.

సముద్రయానము శ్రావకునకు నిషిద్ధమని కొందరు అనుకొందురు. అది సరికాదు. భగవాన్ మహావీరుని యొద్ద వ్రతములు గైకొన్న వాణిజ్యగ్రామ వాసియైన ఆనంద శ్రావకుని వృత్తాంతము మనకు తెలిసినదే. ఆయన గొప్ప వర్తకుడు. దూరప్రయాణములకు 500 బండ్లు, స్థానికమైన మోతకు 500 బండ్లు, అట్లే దూరమునకు 4 నావలు, దగ్గరకు 4 నావలు అని పరిమితి పెట్టుకొనెను. నావలను విడువలేదు, నావలను లెక్కించెను. పది దిక్కులలో ఎంతవరకు పోవుదునో ముందే నిర్ణయించుకొను దిగ్వ్రతము, ఆ హద్దును ఒక దినమునకో, ఒక పూటకో ఇంకను తగ్గించుకొను దేశావకాశిక వ్రతము, ఇవి తిరుగుచుండువారి కొరకు, అందును వర్తకుల కొరకు ఏర్పడినట్లే ఉన్నవి. 1893లో వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీగారు చికాగో సర్వమత సభకు ఓడలో పోయినప్పుడు సమాజములో కొందరు అభ్యంతరము చెప్పిరి. కాని ఆయనను తన ప్రతినిధిగా పంపినవారు సాక్షాత్తు ఆత్మారామ్‌జీ మహారాజ్‌గారే. మునులు వాహనము ఎక్కరు కనుక తాము పోలేదు. శ్రావకుడు పోవచ్చును గనుక పంపిరి. కాబట్టి సముద్రము దోషము కాదు. ఏ హద్దుతో, ఎవరి ఖర్చుతో పోవుచున్నామన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన సిరోంచ, భామ్రాగడ్ ప్రాంతమువారికి చక్కగా అర్థము కాగలదు. మనకు సముద్రము లేదు గాని, వానకాలములో నీళ్ళచేత చుట్టబడుట తెలియును. భామ్రాగడ్ వద్ద ఇంద్రావతి, పర్లకోట, పాముల గౌతమి అను మూడు నదులు కలియును. ఆ నీరు ఇంద్రావతిగా పారి, సిరోంచ తాలూకాలోని సోమనూరు వద్ద గోదావరిలో కలిసి, తుదకు బంగాళాఖాతము చేరును. విశాఖ ఓడ తేలునదియు ఆ సముద్రముననే. 2019 వానకాలములో పర్లకోట పొంగి, వంతెన మునిగి, భామ్రాగడ్ ఒకసారి కాదు, పలుమార్లు దిగ్బంధములో పడినది. బజారులోనికి నీళ్ళు వచ్చినవి. 2022 జూన్‌లో విశాఖలో ఆ విహారనౌక వచ్చినదని పత్రికలు బొమ్మలు వేసినవి. మరుసటి నెల జూలైలోనే గోదావరి, ప్రాణహితల వరద వలన సిరోంచ తాలూకా గ్రామములవారు ఇండ్లు విడిచి మెరకకు పోవలసి వచ్చినది. జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది.

చూడుడు: చుట్టును నీరు, ఎక్కడికిని పోలేము, పని లేదు. ఓడమీదివానికిని ఇదే స్థితి, వరదలో చిక్కిన మాడియా కూలివానికిని ఇదే స్థితి. ఒకనికి అది విహారము, మరియొకనికి పస్తు. అదే వానకాలములో మన మునులు కూడ నాలుగు మాసములు ఒకచోటనే నిలుతురు. త్రోవలలో జీవరాశి పెరుగును గనుక, దానికి హింస కలుగకుండ తమ పాదములకు తామే హద్దు గీసికొందురు. ఈ మూడు హద్దులలో ఒకటి నది గీసినది, ఒకటి టిక్కెట్టుతో కొన్నది, ఒకటి స్వయముగా గీసికొన్నది. మొదటిది బలవంతము, రెండవది భోగము, మూడవది వ్రతము. పైకి మూడును పని లేని దినములే. అందువలన, పని లేకపోవుట మాత్రమే విశ్రాంతి అనుట పొరపాటు.

ఇప్పుడు ఖర్చు సంగతి. మన శాస్త్రములో చేయుట, చేయించుట, చేయుచున్నవానిని ఆమోదించుట అని మూడు విధములు గలవు. నేను చేయలేదు గనుక నాకు సంబంధము లేదనుట శ్రావకునకు చెల్లదు. ఓడమీద నేను తీరికగా ఉన్న దినము, నా పక్క సర్దువాడు, వంటవాడు, యంత్రములవద్ద వేడిలో నిలుచువాడు తీరికగా లేరు. ఓడ పనివారికి అంతర్జాతీయ నౌకాశ్రామిక ఒప్పందము (2006) ఒక రక్షణ కల్పించినది: 24 గంటలలో కనీసము 10 గంటలు, వారములో కనీసము 77 గంటలు విశ్రాంతి ఉండవలెను. భారతదేశము దానిని 2015లో ఆమోదించినది. రక్షణ మంచిదే. కాని లెక్క తిప్పి చూచినచో, దినమునకు 14 గంటల పని కూడ న్యాయసమ్మతమే అయినది. నా తీరిక ఇంకొకని 14 గంటలమీద నిలిచినదని తెలిసినప్పుడు, కనీసము వానిని పేరు పెట్టి మర్యాదగా పిలుచుట, అక్కర లేని పని చెప్పకుండుట మన కర్తవ్యము కాదా?

భోజనశాల సంగతియు అంతే. అక్కడ ఎంత కావలెనన్న అంత వడ్డించుకొనవచ్చును. ఎంగిలి విడువకుండుట, పళ్ళెము కడిగి ఆ నీరు త్రాగుట మన ఇండ్లలో పెద్దలు నేర్పిన ఆచారము. ఓడలలో మిగిలిన ఆహారమును పొడి చేసి, తీరమునకు 3 నాటికల్ మైళ్ళు దాటిన తర్వాత సముద్రములో విడుచుటకు అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుచున్నవి. నిబంధన ఒప్పినంత మాత్రమున శ్రావకుని పళ్ళెములో మిగులుటకు అనుమతి దొరకినట్లు కాదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండుట మాత్రమే జైన భోజనము కాదు. మితము కూడ అందులోని భాగమే.

"ఇట్లు లెక్కించినచో శిఖర్జీ పోవు రైలులో కూడ డ్రైవరు లేడా? ఇంటిలో వంటమనిషి లేదా? అసలు విశ్రాంతియే కూడదా?" అని పిల్లలు అడుగుదురు. సరియైన అడ్డుప్రశ్న. మనవి అణువ్రతములు, పూర్తిగా విడువుమని కాదు, కొలిచి వాడుమని గృహస్థునకు చెప్పినవి. మరియు పెద్దలు కూడ ఒక మాట వినవలెను. ఓడలో కూర్చున్నవాడే సోమరి అనుట తగదు. అనర్థదండమును మన ఆచార్యులు నాలుగు విధములుగా చెప్పిరి: చెడు తలపోత, ప్రమాదముతో నడచుకొనుట, హింసాసాధనము ఇచ్చుట, పాపోపదేశము. ఇందులో మొదటిది చెడు తలపోత. ఏడాదిలో ఒక్క దినమైనను కొట్టు మూయక, రాత్రి పదింటి వరకు ప్రక్కవాని బేరమును తలంచి కుములువాడు ఎంత పని చేసినను ఆ దోషమునకు దూరము కాడు. లోభముతో చేసిన పని, మైమరపుతో గడపిన తీరిక రెండును ఒకే కొమ్మ కాయలు. యువకుడు విశ్రాంతి కోరుట తప్పు కాదు. ఓడలోని జూదపు బల్లలు, దుకాణములు, అర్ధరాత్రి ఆటపాటలు అన్నియు అనుభవించి, దిగిన తర్వాత మరల విశ్రాంతికై వెదకుటయే తెలివితక్కువ. బజారు విడిచిపోవుటకు టిక్కెట్టు కొని, ఓడలో ఇంకొక బజారులో దిగినట్లగును.

కనుక నాకు తోచిన మార్గము ఇది. ఓడ ఎక్కదలచినవారు ఎక్కవచ్చును. కాని మన ఇండ్లలో ప్రాతఃకాలమున తలంచుకొను పదునాలుగు నియమములు ఓడమీద మరింత సులభము. అందులో వాహనము, శయనము, దిశ, తిను పదార్థముల సంఖ్య అన్నియు ఉన్నవి. నేడు ఇన్ని పదార్థములే, ఈ అంతస్తు వరకే, సాయంకాలము వరకు ఫోను ముట్టను, ఉదయము ఒకటి, సాయంత్రము ఒకటి, 48 నిమిషముల సామాయికము: ఇట్లు నిర్ణయించుకొన్నచో సముద్రము మనకు ఉపాశ్రయమే అగును. తీర్థమనగా రేవు. దాటించు రేవును ఏర్పరచినవాడు గనుక తీర్థంకరుడనుచున్నాము. దాటవలెనను తలంపు ఉన్నవానికి నీళ్ళమీద ఒక దినము వ్యర్థము కాదు.

ఇక ఆ టిక్కెట్టు ధనము సంపాదించిన కొట్టులో కూడ ఇదే లెక్క వర్తించవలెను. యజమాని ఓడలో ఉన్న ఆ నాలుగు దినములు గుమాస్తాకు, హమాలీకి కూడ వంతులవారీగా జీతముతో సెలవు ఇచ్చినచో, మన తీరికను వారిమీద మోపినవారము కాము. మన ప్రాంతములో వంతెన మునిగినప్పుడు, ముందే నిలువచేసిన ఉప్పు, పప్పు, నూనె, బియ్యము వరదకు ముందటి ధరకే అమ్మవలెను. చేతిలో పైకము లేనివానికి పద్దు వ్రాసి ఇయ్యవలెను. బలవంతముగా పని పోయినవాని దినము మనకు లాభదినము కారాదు. అపరిగ్రహ వ్రతము మనకు బోధించునది ఇదే.

ఈ విషయమును ప్రతి ఇంటిలో పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుండి, ప్రయాణపు టిక్కెట్టు కొనక ముందే మాటలాడుకొందురని ఆశించుచున్నాను. జై జినేంద్ర.