అష్టావక్రుడును సమంగానదియు

బిలాసపురము రైల్వేవారి పట్టణము. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలమునుండియు తెలుగు కుటుంబములు ఉద్యోగార్థము వచ్చి అచట స్థిరపడినవి. 2003లో అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైనది. అచటి క్వార్టర్సులలో ఒకదానియందు, రెండేండ్లు నిండినను మాటరాని బిడ్డ యున్నాడనుకొందము. తల్లి శంకించును. అత్తగారు, "వీడి తాతకు నాలుగో యేటగాని మాట రాలేదమ్మా, కంగారుపడకు" అనును. తండ్రి రాత్రి డ్యూటీనుండి వచ్చి నిద్రించుచుండును. ఆ యింట ప్రేమలేనివారెవ్వరును లేరు. అయినను కాలము గడచిపోవుచున్నది.

పుట్టుచెవుడుగల శిశువుకూడ తొలినెలలలో ఇతర శిశువులవలెనే 'ఉంగా' యనును. కనుకనే ఇంటివారు కనిపెట్టలేరు. నిద్రించు శిశువు చెవిలో చిన్న సాధనముంచి కొలది నిమిషములలో పరీక్షింపవచ్చును. మొదటినెలలో పరీక్ష, మూడవనెలలోగా నిర్ధారణ, ఆరవనెలలోగా శ్రవణయంత్రము, శిక్షణ: ఇది వైద్యశాస్త్రము సూచించిన గడువు. భాషను గ్రహించుటకు మెదడునకుగల సంసిద్ధత తొలియేండ్లయందే మిక్కుటము.

ఇచట కొందరు కర్మసిద్ధాంతమును అడ్డము తెచ్చెదరు: "పూర్వజన్మఫలము, మనమేమి చేయగలము?" ఈ మాట పలుకువారు తమకు జ్వరము వచ్చినపుడు వైద్యుని పిలువక మానరు! ఫలము బిడ్డదే యనుకొన్నను, చూచుచు ఊరకుండుటయు ఒక కర్మయే గదా, దాని ఫలమెవ్వరిది?

ఇంతకన్న గంభీరమైన ఆక్షేపణ వేరొకటి కలదు. బిడ్డను మార్పయత్నించుట, ఉన్నవానిని ఉన్నట్లు స్వీకరింపకుండుట కాదా? వ్యాసభారతము వనపర్వములోని అష్టావక్రుని కథ ఇందులకు ఉపకరించును. తండ్రి కోపమువలన గర్భస్థుడైన బాలుని అంగములు వంకరలుపోయినవి. ఆ బాలుడే పండ్రెండవయేట జనకుని సభకేగి, వాదమున వందిని జయించి, తండ్రిని విడిపించెను. అటుపిమ్మట తండ్రి యాజ్ఞచే సమంగానదియందు స్నానమాడగా అంగములు చక్కబడినవి. జయము ముందు, నది వెనుక. జ్ఞానము నదివలన రాలేదు. అట్లని నది వలదని తండ్రియు అనలేదు, కుమారుడును అనలేదు.

అందరు బిడ్డలకును సమంగ లభింపదు. పక్షవాతపు లక్షణములతో పుట్టిన శిశువును శిక్షణ సంపూర్ణముగ స్వస్థుని చేయలేదు. కాని కూర్చుండుట, తనచేత తాను తినుట, కావలసినదానిని తెలుపుట అలవరుపగలదు. నయమగుటనే గురిగా పెట్టుకొన్నవారు, నయముకాదని తెలిసినవెంటనే ప్రయత్నము విడిచెదరు. ఇది తరచుగా జరుగు దోషము.

2021 జూన్‌లో భారతప్రభుత్వము పుట్టుకనుండి ఆరేండ్లలోపు బిడ్డలకై 14 కేంద్రములను ప్రారంభించినది. సికింద్రాబాదు, నెల్లూరులతోబాటు ఛత్తీస్‌గఢ్‌లోని రాజనందగాఁవ్ అందులో నున్నది. బిలాసపురమునుండి రాయపూర్, దుర్గ్‌ల మీదుగా రైలు పోవును. కాని వారమునకు 168 గంటలు. శిక్షకురాలి యొద్ద గడచునది ఒకటి రెండు మాత్రమే. తక్కినదంతయు ఇంటనే. బిడ్డను ఎట్లు కూర్చుండబెట్టవలెనో, ముద్ద నందించుటకుముందు వాని చూపుకై ఎట్లు వేచియుండవలెనో ఇంటివారే నేర్వవలెను. కావుననే తల్లితోబాటు అత్తగారినికూడ రమ్మనుట మేలు. ఇంటిలో బిడ్డయొద్ద అధికకాలము గడపునది ఆమెయే. పని చేతికి వచ్చినచో తాతగారి కథ ఆమెయే మానును.