గిట్టలో చీలిక

కృష్ణా తుంగభద్రల నడుమ, పాత పాలమూరు జిల్లా నడిగడ్డలో ఒక ఊరు. వానలు మొఖం చాటేసిన ఏడు ఆ ఊరి బావా, బామ్మర్దీ కలిసి బొంబాయి బస్సెక్కారు. మట్టి తవ్వి, రాళ్ళు మోసి, చెరో నలభై వేలు వెనకేసుకొని కురుమూర్తి జాతర నాటికి తిరిగొచ్చారు. స్వామి ఉద్దాలకు, అంటే పాదరక్షలకు, మొక్కారు. ఈ పైసలు రెండింతలైతే మళ్ళీ బస్సెక్కే పని ఉండదని ఇద్దరికీ ఒకటే ఆశ పుట్టింది.

ఎన్ని ఆటల మీద పందెం కాస్తే అంత మేలనుకున్నాడు బావ. ఒకటి ముంచినా ఇంకొకటి తేలుస్తుందని అతని లెక్క. పొట్టేళ్ళ మీద కాశాడు, కోళ్ళ మీద కాశాడు, కబడ్డీ మీద కాశాడు. రాత్రయితే, 2017 నుంచి రాష్ట్ర చట్టం వద్దంటున్నా, సెల్‌ఫోన్లో క్రికెట్ మీదా కాశాడు. నలుగురూ ఏ పేరు చెబితే ఆ పేరు మీదే పెట్టాడు. అప్పుడప్పుడు గెలిచాడు. గెలిచిందంతా మరో ఆట మింగింది. సంక్రాంతి దాటేసరికి పాడి బర్రె అంగడికి పోయింది.

బామ్మర్దికి ఎద్దులు తప్ప ఇంకేదీ తెలియదు. అందుకే బండలాగుడు ఒక్కటే పట్టుకున్నాడు. పోటీకి ముందు రోజే కోడెలను కట్టేసిన చోటికి పోయేవాడు. పాలపళ్ళవో, రెండు పళ్ళవో, ఆరు పళ్ళవో చూసేవాడు. మెడ మీద కాడి రాపిడిని తడిమేవాడు. గడువులోగా ఏ జత బండను ఎన్ని అడుగులు లాగుతుందో వేళ్ళు మడిచి లెక్కగట్టేవాడు. అతడూ కొన్ని గెలిచాడు, కొన్ని పోగొట్టుకున్నాడు.

ఒకనాటి సాయంత్రం పేరుమోసిన జత దగ్గర కూర్చున్నాడు. ఊరంతా దాని మీదే కాసింది. నీళ్ళు తాగుతున్న ఎడమ ఎద్దు ముందరి కాలిని నేలకు పూర్తిగా ఆనించడం లేదు. వంగి చూస్తే గిట్టలో వెంట్రుకంత చీలిక. ఆ జత ఓడుతుందని కాస్తే పైసలు కురుస్తాయి. కానీ అతనికి ఇంకో సంగతి తట్టింది. ఈ చీలిక కంటబడింది సరే, ఇన్నాళ్ళూ కంటబడనివి ఎన్ని ఉన్నాయో! ఆసామికి ఆ గిట్ట చూపించి, లేచి ఇంటికి పోయాడు.

మర్నాడు మిగిలిన పైసలతో అంగడిలో పాలపళ్ళ కోడెల జతను కొన్నాడు. వాటికి దుక్కి నేర్పాడు. ఎద్దులు కొనేవాళ్ళు అతణ్ణి వెంటబెట్టుకొని అంగడికి పోసాగారు, చేతిలో ఇంత పెట్టసాగారు. ఆ ఎండాకాలం బొంబాయి బస్సు బావ ఒక్కణ్ణే ఎక్కించుకొని కదిలింది.

నీతి: ఎన్ని ఆటల మీద కాయాలని అడిగేవాడు ముందు ఒక్కదాన్ని లోతుగా తెలుసుకోవాలి. అలా తెలుసుకున్నకొద్దీ తనకు తెలియనిది ఎంత ఉందో తెలిసొచ్చి, పందెం కాసే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఆ తెలివికి కూడు పెట్టే చోటు పందెం బరిలో లేదు, పనిలో ఉంది.