తడి చెయ్యి

మామిడికాయల రోజుల్లో మా పచ్చళ్ల షెడ్డులో పన్నెండుమంది పనిచేస్తారు. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టేవాళ్లు కొందరు. ముక్కలు కొట్టేవాళ్లు కొందరు. జీడి తీసి పొర గీకేవాళ్లు ఇంకొందరు. ఉప్పు, కారం, ఆవపిండి కొలతలు కాగితం మీద రాసి గోడకి అంటించాను. ఎవరి పని వాళ్లకి అప్పజెప్పేశానని చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను.

కానీ ఏ బేసిన్ కలిపినా వేలితో నాలిక్కి రాసుకుని "సరే" అనేది మాత్రం నేనే. నేను బ్యాంకుకి వెళ్తే బేసిన్లు మూత పెట్టుకుని నాకోసం కాచుకునేవి. ఒక వేసవిలో జ్వరంతో మంచం పట్టి, మా పెద్దామెకి ఫోన్ చేశాను.

"ఉప్పు ఎలా ఉంది పిన్నీ?"

"మీరు రాసిన కొలతే వేశామమ్మా."

"అది కాదు, రుచి ఎలా ఉంది?"

"మీరొచ్చి చూడండమ్మా."

పదకొండేళ్లుగా ఆవకాయ కలుపుతున్న మనిషి! ఆమెకి రుచి తెలియదా? వాళ్లింట్లో ఆమె కలిపిన జాడీకి వంక పెట్టేవాళ్లు లేరు. మా షెడ్డు గుమ్మం దగ్గరే ఆ నాలుకని వదిలేసి రావడం నేనే నేర్పాను. అప్పజెప్పడం అనే మాటకి మనకి రెండు అర్థాలు. బాధ్యత ఇవ్వడం ఒకటి, బళ్లో పిల్లలు పాఠం అప్పజెప్పడం ఒకటి. మొదటిది చేశాననుకున్నాను. ఆమె ఇన్నేళ్లూ నా కాగితాన్ని నాకే అప్పజెబుతోంది.

ఆ కాగితమైనా ఎంతవరకు? కల్లుప్పు దంచుకుంటే ఒక లెక్క, మెత్తటి ఉప్పు అదే గిన్నెతో కొలిస్తే ఇంకో లెక్క. గిన్నె అదే, బరువు ఎక్కువ. కాయ పులుపు లోడు లోడుకీ మారుతుంది. ఇవన్నీ చేతికీ నాలుకకీ తెలియాలి తప్ప గోడకి తెలియవు.

బాధ్యత అప్పజెప్పడం అనగానే శ్రీహరికోట కథ అందరూ చెప్పేదే. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగం. కంప్యూటర్ ఆగమన్నా, నిపుణుల మాట విని ప్రయోగం నడిపిస్తున్న అబ్దుల్ కలాం ముందుకే వెళ్లారు. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందు కూర్చుని బాధ్యత మీదేసుకున్నది అప్పటి ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక మాత్రం, మాట్లాడమని కలాంని పంపారు. అందరూ ఇందులో ధావన్ పెద్దమనసు చూస్తారు. నన్ను పట్టుకున్నది దానికి ముందు జరిగింది. ఆ ఉదయం ఆగాలా, వెళ్లాలా అన్నది ఆయన తన చేతిలో ఉంచుకోలేదు. నేనైతే నింద కూడా వాళ్లకే వదిలి, "సరే" అనే మాట మాత్రం కొంగున కట్టుకున్నదాన్ని.

నిరుడు గోడ మీది కాగితం తీసేశాను. రుచి చూడటం పిన్నికి ఇచ్చాను. మొదట్లోనే ఒక విడత ఉప్పెక్కువైంది. కొన్నవాళ్లు ఫోన్ చేస్తే తప్పు నాదేనన్నాను. అది పెద్ద కష్టం కాలేదు. ఫోన్ పెట్టేశాక పిన్ని దగ్గరికెళ్లి ఆ సంగతి రెండోసారి ఎత్తకుండా ఉండటానికే నోరు కట్టేసుకోవాల్సి వచ్చింది.

ఈ ఏడు మూడోరోజు తిరగ కలపడానికి జాడీల మూతలు తీశారు. నూనె పైకి తేలింది, ఘాటు కళ్లకి తగిలింది. నా వేలు దానంతటదే జాడీలోకి వెళ్లబోయింది.

"తడి చెయ్యి పెట్టకండమ్మా" అంది పిన్ని, తలెత్తకుండానే.

నా చెయ్యి పొడిగానే ఉంది. వెనక్కి తీసుకున్నాను.