గల్ఫ్ ప్రయాణం - తవక్కుల్, బీమా

ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు బయలుదేరే సోదరులు తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. బీమా చేయించుకోవడం తవక్కుల్‌కు, అంటే అల్లాహ్‌పై భరోసాకు విరుద్ధం కాదా?

జాగ్రత్తపడటం ఎన్నడూ తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ముందు ఒంటెను కట్టేయమని, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. అసలు అభ్యంతరం వేరే ఉంది. మామూలు బీమాలో వడ్డీ, గరర్ (అనిశ్చితి) కలిసి ఉంటాయి. అందుకే జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1985లో వాణిజ్య బీమాను నిషిద్ధమనీ, పరస్పర సహకార బీమా ధర్మసమ్మతమనీ తీర్మానించింది.

మరి చట్టమే నిర్బంధం చేస్తే? ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుపై గల్ఫ్‌కు వెళ్ళే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ఇలా గత్యంతరం లేక కట్టేవారిపై దోషం లేదన్నది పలువురు ఉలమాల అభిప్రాయం.

అయితే ఆ పాలసీతో బాధ్యత తీరిపోదు. అందులోని రూ. 10 లక్షలు ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికే. జబ్బుచేసి చనిపోతే ఆ సొమ్ము రాదు. వీసా కోసం చేసిన అప్పు మాత్రం ఇంటివారి ముందు నిలుస్తుంది.

కనుక ప్రయాణానికి ముందే అప్పులు, రావలసిన బాకీలు, వసియ్యత్ రాసిపెట్టండి. పాలసీ కాగితం నకలు ఇంట్లో ఇవ్వండి. షరీఅత్ దృష్టిలో నామినీ సొమ్ము అందుకునే అమానతుదారు మాత్రమే. ముందు అప్పులు తీర్చి, మిగిలినది వారసులకు పంచాలి. ఈ సంగతి భార్యకు, తల్లిదండ్రులకు విడమరచి చెప్పండి.

ఇంటివారిని చీకట్లో ఉంచి వెళ్ళడం తవక్కుల్ కాదు. అల్లాహ్ మనకు హక్కులు నెరవేర్చే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.