ముట్టుకోని ముచ్చట

మగవాళ్ళు కొన్న ఖరీదైన వస్తువుకి 'పెట్టుబడి' అని పేరు. ఆడవాళ్ళు కొన్నదానికి 'మోజు' అని పేరు. ఈ నామకరణం ఎవరు, ఎప్పుడు చేశారో గాని మన ఇళ్ళల్లో మాత్రం స్థిరపడిపోయింది. మనం పండక్కి ఓ ధర్మవరం చీర తెచ్చుకుంటే "ఉన్నవి చాలవూ?" అంటారు. వాళ్ళు ఊరిచివర ముళ్ళకంపల్లో స్థలం కొన్నా, మూడు కళ్ళ కెమెరా కొన్నా దాని వెనక ఏదో దూరదృష్టి ఉంటుంది. ఆ దృష్టి మనకి ఆనదు, అంతే!

ఇవాళ నేను చెప్పబోయేది చీర సంగతి కాదు, కారు సంగతి. అదీ మన రోడ్లమీద కనిపించే కారు కాదు. అమెరికాలో 'మజిల్ కార్లు' అని ఉన్నాయి. మామూలు సంసారపక్షపు కారు ఒంట్లో దాని తాహతుకు మించిన ఇంజను పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. 1964లో పాంటియాక్ వాళ్ళు జి.టి.ఓ. అనే కారు తెచ్చారు. ఈ వంశానికి అదే మూలపురుషుడని చాలామంది చెబుతారు. ఉద్యోగంలో చేరిన కుర్రాడు కూడా కొనుక్కోగల ధర, కొనుక్కున్నాక కన్నతల్లి కంటిమీద కునుకు పడనివ్వనంత వేగం. 1970 తర్వాత ఇన్సూరెన్సు కంపెనీలు వీటికి రేట్లు పెంచేశాయి, పొగ మీద చట్టాలొచ్చాయి. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపడంతో వాటి యుగం ముగిసింది. మళ్ళీ మన కాలంలో, పాత రూపురేఖలతోనే, 2008లో ఛాలెంజరూ 2009లో కమారో తిరిగొచ్చాయి. చిన్నప్పుడు కొనలేకపోయినవాళ్ళు పెద్దయ్యాక కొనుక్కోవడానికే అన్నట్టు.

మా అక్క కూతురు మిచిగన్‌లో, డెట్రాయిట్ పక్కనే ఉంటుంది. ఆ మధ్య ఫోను చేసి, "పిన్నీ, మీ అల్లుడు కారు కొని ఏడాదిన్నర అయింది. నేను ఇంతవరకు అందులో ఎక్కలేదు" అంది.

"ఏం, రిపేరా?" అన్నాను.

"కాదు, పెట్టుబడి" అంది.

విషయం ఏమిటంటే ఆ కారుని షెడ్డులో గుడ్డ కప్పి పెట్టాడు. మీటరు మీద ఇప్పటికి 42 మైళ్ళు. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఈ పిల్ల కూరలకి, పిల్లాణ్ణి బడినించి తేవడానికి వాడేది తొమ్మిదేళ్ళ పాత బండి. మా అల్లుడు దుబారా మనిషి కాడు. గుంటూరు హాస్టలు గదిలో కారు బొమ్మ గోడకంటించుకుని, సైకిలు మీద కాలేజీకి వెళ్ళి చదువుకున్నవాడు. నాతో మాట్లాడినప్పుడు ఎంతో ఓపిగ్గా వివరించాడు: "అత్తయ్యగారూ, లెక్కపెట్టి ఇన్నే చేశారు. ఇక చెయ్యరు. మైళ్ళు ఎక్కకపోతే పదేళ్ళలో రెట్టింపు!"

నిజమేనా? ఇది తేల్చుకోకుండా ధర్మాధర్మాల్లోకి వెళ్ళడం బాగుండదు గనక కాస్త లెక్క చూద్దాం.

ఈ లెక్కపెట్టి చేసే కార్ల వ్యవహారం తమాషాగా ఉంటుంది. 2018లో డాడ్జ్ కంపెనీ 'డీమన్' అని 3,300 కార్లు చేసింది. 840 అశ్వశక్తి. ఖరీదు దాదాపు 85 వేల డాలర్లు. బరువు తగ్గించడం కోసం అందులో నడిపేవాడికి తప్ప ఇంకెవరికీ సీటు పెట్టలేదు. పక్క సీటు కావాలంటే అదనంగా ఒక డాలరు, వెనక సీటుకి ఇంకో డాలరు. (సహధర్మచారిణికి చోటు ఖరీదు ఒక డాలరు! మనకి నవ్వొస్తుంది గాని, కనీసం బేరం చవకే.) 2023లో 'ఆఖరి పిలుపు' అంటూ ఒక వరస కార్లు వదిలి, చివర్న 1,025 అశ్వశక్తితో మరో డీమన్ తెచ్చారు. అదీ 3,300కి మించి చెయ్యమనే చెప్పారు. మన దేశంలో 1983లో వచ్చిన తొలి మారుతి 800కి దాదాపు 40 అశ్వశక్తి. అంటే పాతిక మారుతీలు ఒక్క బండిలో కూర్చున్నాయన్న మాట. ఆ ఏడాది డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో ఆ ఛాలెంజర్ల తయారీ ఆగిపోయింది. మా అల్లుడు కొన్నది ఆ ఆఖరి పిలుపులో ఒకటి.

మామూలు కారు షోరూము గడప దాటగానే ధర పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఏడాది తిరిగేసరికి అయిదోవంతు పోవడం వింతేమీ కాదు. దాంతో పోలిస్తే ఇలాంటివి నయమే, ఒప్పుకుంటాను. 2018 నాటి డీమన్లు, తిరగనివి, కొన్న ధరకంటే ఎక్కువకే చేతులు మారాయి. కాని 'పడిపోలేదు' అనడం వేరు, 'పెట్టుబడి' అనడం వేరు. నూటికి నాలుగు వడ్డీ ఇచ్చే బాంకులో వేసినా డబ్బు పద్ధెనిమిదేళ్ళలో రెట్టింపవుతుంది. బాంకులో డబ్బుకి షెడ్డు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, బాటరీ చచ్చిపోదు. కారు అలా కాదు. నిలబెట్టి ఉంచితే టాంకులో పెట్రోలు చెడుతుంది, టైర్లు నేలకానినచోట అణిగిపోతాయి, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి. మడత విప్పకుండా బీరువాలో దాచిన పట్టుచీర మడతల దగ్గరే చీలుతుందని మనకి తెలుసుగా! అందుకే మన పెద్దవాళ్ళు ఏడాదికోసారైనా తీసి, నీడన ఆరేసి, మడత మార్చి పెట్టేవారు.

ఇంతకీ ఇలా దాచిపెట్టిన వాళ్ళు ఇంతకుముందు లేకపోలేదు. 1978లో ఇండియానాపొలిస్ పందెంలో ముందు నడిచే గౌరవం కార్వెట్ కారుకి దక్కింది. ఆ సందర్భంగా నలుపూ వెండిరంగూ కలిపి ప్రత్యేకంగా కొన్ని చేశారు. మొదట కొన్ని వందలే అనుకున్నారు గాని, డీలరుకొకటైనా ఇవ్వాలి కదా అని, చివరికి 6,502 చేశారు. అట్టమీద ధర 13,653 డాలర్లు. జనం వేలంవెర్రిగా ఎగబడ్డారు, కొందరు రెట్టింపు ఇచ్చి మరీ కొన్నారు. కొన్నవాళ్ళలో చాలామంది ఇళ్ళకి తీసుకెళ్ళి గుడ్డ కప్పేశారు, అచ్చం మా అల్లుడిలాగే. ఆనాటి 13,653 డాలర్లు ఇవాళ్టి లెక్కలో అరవైవేల పైమాటే. ఆ కార్లేమో ఇప్పటికీ ఇరవై, ముప్ఫై వేల దగ్గర నిక్షేపంగా దొరుకుతాయి. నలభై ఏళ్ళపైన కాపలా కాసి కూలి కూడా గిట్టలేదు.

'ఇదే ఆఖరిది' అన్న మాటకి కూడా ఓ చరిత్ర ఉంది. 1976లో, టాపు మడిచే కార్లు అమెరికాలో ఇక రావనీ, తమ ఎల్డొరాడోయే చివరిదనీ కాడిలాక్ వాళ్ళ ప్రచారం. నమ్మి కొని దాచినవాళ్ళున్నారు. 1984లో కాడిలాకే మళ్ళీ ఎల్డొరాడోని టాపు మడిచే రకంగా తెచ్చింది. కొందరు కోర్టుకెక్కారు కూడా! ఆఖరిదన్న మాటని అమ్మేవాడు చెప్పినప్పుడు మనం కాస్త ఆగాలి. ఈ 'ఆఖరి పిలుపు' తర్వాత రెండేళ్ళు తిరక్కుండానే, 2025లో, డాడ్జ్‌కి సోదర కంపెనీ అయిన రామ్ తన ట్రక్కుల్లో మానేసిన ఆ హెమీ జాతి ఇంజన్ని మళ్ళీ పెడుతున్నామని ప్రకటించింది. రేపు కార్లలోకి రాదని ఎవరు హామీ ఇస్తారు?

అయితే కోట్లు పలికిన మజిల్ కార్లు లేవా అంటే ఉన్నాయి. 1971 నాటి హెమీ 'కూడా' అనే ప్లిమత్ కారు, టాపు మడిచేది, 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అలాంటివి ఆ ఏడాది చేసిందే పదకొండో పన్నెండో. ఎందుకంత తక్కువ చేశారు? ముహూర్తం పెట్టి, లెక్కపెట్టి, అపురూపంగా చేశారా? కాదండీ! ఎవరూ కొనలేదు! ధర ఎక్కువ, ఇన్సూరెన్సు అంతకన్నా ఎక్కువ. 1970లో వచ్చిన సూపర్‌బర్డ్ సంగతి ఇంకా అన్యాయం. ముందు కొంగముక్కూ వెనక ఎత్తైన రెక్కా చూసి బేరాలు రాక, కొందరు డీలర్లు ఆ ముక్కూ రెక్కా పీకి మామూలు కారు చేసి అమ్ముకున్నారట. ఇవాళ అవే లక్షలు పలుకుతున్నాయి. కొన్నవాళ్ళు వాటిని దాచలేదు. పందేలు వేశారు, చెట్లకి గుద్దారు, మంచులో ఉప్పులో తిప్పి తుప్పు పట్టించారు, పెళ్ళయి పిల్లలు పుట్టాక అయినకాడికి అమ్మేశారు. అందువల్ల అవి అరుదయ్యాయి.

ఇక్కడే ఉంది తిరకాసంతా. ఆనాటి కార్లు వాడినవాళ్ళ చేతుల్లో అరిగి అరుదయ్యాయి. ఈనాటివి అరుదని ముద్ర వేయించుకుని పుట్టాయి గనక ఎవరూ వాడరు. 3,300 మందిలో ముప్పాతికమంది గుడ్డ కప్పుకుని కూర్చుంటే, పదేళ్ళ తర్వాత మార్కెట్లోకి వచ్చేవన్నీ నలభై రెండు మైళ్ళ కార్లే. ఇంక ఎవరిది ఎవరికి అపురూపం? పైగా పాతకార్లు కొనేవాళ్ళని గమనించండి, తమ పదహారో ఏట గోడకంటించుకున్న బొమ్మనే యాభయ్యోయేట కొంటారు. ఇవాళ పదహారేళ్ళవాడికి ఈ కారు కనబడితే కదా, రేపు గుర్తుంచుకోవడానికి! అది వీధిలో గర్జించదాయె.

డబ్బు లెక్క అలా ఉంచండి. నన్ను ఆలోచింపజేసింది వేరే. మా అల్లుడికి ఆ కారంటే ఇష్టం. ఇరవై ఏళ్ళ ఇష్టం. ఆ మాట పెళ్ళాంతో చెప్పడానికి మొహమాటపడి 'పెట్టుబడి' అన్నాడు. అన్నాక, ఆ మాటకి కట్టుబడి ఉండాలి కనక, తాళం తిప్పడానికి వీల్లేకపోయింది. తిప్పితే మైలుకింత తరుగు. అంటే ఆ కారు ఖరీదు నిలవాలంటే అది కారుగా పనికిరాకుండా ఉండాలి! ఇలాంటి వింత షరతు బంగారానికి కూడా లేదు. తరుగూ మజూరీ పోతాయని తెలిసే మనం గాజులు చేయించుకుంటాం. తొడుక్కుంటాం, అవసరమొస్తే తాకట్టు పెడతాం. తొడుక్కున్నామని బంగారం ధర తగ్గించినవాళ్ళు లేరు.

"నాకిది కావాలనిపించింది, కొన్నాను" అనడంలో తప్పేముంది? ఇల్లు గడవకుండా చేసి కొంటే తప్పు, అప్పుచేసి కొంటే తెలివితక్కువ. ఆ రెండూ కానప్పుడు ముచ్చటని ముచ్చటే అనొచ్చుగా. అనరు. ఎందుకంటే మోజు ఆడవాళ్ళ జబ్బని చిన్నప్పట్నించీ విని పెరిగారు. మనమూ తక్కువవాళ్ళమేం కాదు. కంచిపట్టు కొని "జరీ వెండిది, ఎప్పటికైనా డబ్బే" అని సంజాయిషీ చెప్పుకున్న వాళ్ళు ఎంతమంది లేరు? సంతోషానికి లాభం తోడు లేకపోతే బయటికి రానివ్వం. మా అక్క కూతురి బాధ లక్ష డాలర్ల గురించి కాదు. "ఆయనకి ఇష్టమని చెబితే నేను మురిసిపోయేదాన్ని పిన్నీ. ఒక ఆదివారం ముగ్గురం కూర్చుని చెరువుదాకా వెళ్ళొచ్చేవాళ్ళం" అంది.

ఈ సందర్భంలో ఇంకో కారు గురించి చెప్పాలి. 1968లో 'బులిట్' అని ఒక సినిమా వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో స్టీవ్ మెక్వీన్ ఒక ఆకుపచ్చ మస్టాంగ్‌లో చేసిన వెంటాట దానికి ఆయువుపట్టు. ఆ మస్టాంగ్‌ని 1974లో న్యూజెర్సీ కుటుంబమొకటి పత్రికలో ప్రకటన చూసి 6 వేల డాలర్లకి కొనుక్కుంది. కొని ఏం చేసింది? వాడుకుంది! ఆ ఇల్లాలు బడిపంతులమ్మ. రోజూ అందులోనే బడికి వెళ్ళొచ్చేది. 1977లో మెక్వీనే ఉత్తరం రాసి, కారు తనకి తిరిగి అమ్మమని అడిగాడు. వాళ్ళు అమ్మలేదు. 1980 ప్రాంతంలో క్లచ్చి పోయి మూలపడింది. చాలా ఏళ్ళు ఇంటివాళ్ళకి తప్ప దాని ఆచూకీ లోకానికి తెలియదు. 2018లో డెట్రాయిట్ ప్రదర్శనలో బయటపెట్టారు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో 34 లక్షల డాలర్ల పాట పాడి దక్కించుకున్నారు.

సినిమా పేరు లేకపోతే అంత పలికేది కాదు, నిజమే. అందరి కార్లకీ మెక్వీన్ దొరకడు. కాని వేలానికి పెట్టేముందు దానికి కొత్త రంగు వెయ్యలేదు, సొట్టలు తియ్యలేదు, చిరుగులు కుట్టలేదు. మీటరు అరవైవేల మైళ్ళు దాటి ఉంది. అందులో ఆ పంతులమ్మ బడికి పోయివచ్చినవి ఎన్నో, పాడినవాళ్ళెవరూ తీసేసి లెక్కగట్టలేదు.