మందు వేసుకుంటే నమ్మకం తక్కువైనట్టా?

ఈ వారం వీడియోలో తితిక్ష గురించి, అంటే ఓర్పు గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పలేకపోయిన నా సొంత విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్లుగా నాకు అరికాళ్ల మంటలు. రాత్రి దుప్పటి తగిలినా సూదులు గుచ్చినట్టే ఉంటుంది. షుగర్ లేదు, బీ12 బాగానే ఉంది, థైరాయిడ్ నార్మల్. నెర్వ్ కండక్షన్ టెస్ట్ కూడా నార్మలే. "మీకేం లేదు" అని పంపించేశారు ఒక డాక్టరు. తర్వాత చూసిన న్యూరాలజిస్ట్ గారు విడమరిచి చెప్పారు: ఆ టెస్ట్ లావు నరాల పోగులనే చూస్తుంది, మంటను మోసే సన్న పోగుల్లో తేడా ఉంటే అందులో దొరకదు. కారణం ఎప్పటికీ తెలియని వాళ్లూ చాలామందే ఉంటారట.

కారణం దొరకని చోట మనవాళ్లు కర్మను పెడతారు. "ఏ జన్మలో ఏం చేశావో నాన్నా" అంది మా పెద్దమ్మ. ప్రేమతోనే అంది. కానీ ఆ రాత్రి కాళ్ల మంట కంటే ఆ మాటే ఎక్కువ కాల్చింది.

ఇక మందులు. మొదట అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. అది డిప్రెషన్‌కి కూడా వాడే మందే, నరాల నొప్పికి చిన్న డోసులో ఇస్తారు. నోరు ఎండిపోయి, స్తోత్రం చదువుతుంటే నాలుక అంటుకుపోయేది. డులోక్సెటిన్‌తో వికారం. విసుగొచ్చి, డాక్టరుకి చెప్పకుండానే అన్నీ మానేశాను. ఓర్చుకోవడమే సాధన అనుకున్నా. నాలుగు రాత్రులు నిద్ర లేదు. జపంలో కూర్చుంటే లెక్క తప్పేది. ఐదో రోజు పొద్దున కాఫీ చల్లారిందని అమ్మ మీద అరిచాను. అమ్మ ఏమీ అనకుండా గ్లాసు తీసుకెళ్లి మళ్లీ వేడి చేసింది.

అప్పుడు అర్థమైంది, నేను చేస్తున్నది తితిక్ష కాదు, మొండితనం. నా బాధను అమ్మ మోస్తోంది.

చరక సంహిత మూడు రకాల చికిత్సలు చెప్పింది. మంత్రం, జపం లాంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. మనసును అదుపులో పెట్టుకోవడం సత్త్వావజయం. మూడూ చికిత్సలే. మరి మాత్ర వేసుకుంటే భక్తి తగ్గిందని మనం ఎందుకు అనుకోవాలి?

ఇప్పుడు గాబాపెంటిన్ వాడుతున్నాను. రాత్రి చిన్న డోసుతో మొదలుపెట్టి, వారాల మీద మెల్లగా పెంచారు. పొద్దున కాస్త మత్తుగా ఉంటుంది. మంట పోలేదు, పదిలో ఎనిమిది ఉండేది నాలుగైంది. ఆ మిగిలిన నాలుగు దగ్గరే నా ఓర్పు మొదలవుతుంది.

కర్మను నేను ఇప్పటికీ నమ్ముతాను. కాకపోతే అది ఈ రోజు నేనేం చేయాలో చూసుకోవడానికి. ఇంకొకరి నొప్పి మీద తీర్పు చెప్పడానికి మనకు ఆ లెక్కలు తెలియవు.

మీ ఇంట్లో ఎవరికైనా రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా నొప్పి ఉందంటే, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. మీరే ఆ మనిషైతే, నాలాగా మందు ఒక్కసారిగా మానేయకండి. పడకపోతే డాక్టరుకి చెప్పండి, వేరేది చూస్తారు.

వచ్చే వారం కలుద్దాం. శుభం.