మనుష్యులు లేని నేల ఎవరిది?

ధ్యాన భాగము: యోబు 38:25-30



మనుష్యులు నివసింపని యెడారిమీదను దేవుడు వర్షము కురిపించునని యోబు గ్రంథము తెలుపుచున్నది. అక్కడ పంట కోయువాడు లేడు, స్తోత్రము చెల్లించువాడు లేడు. అయినను దేవుడు ఆ నేలను మరువలేదు. ఆ వెంటనే ఆయన మంచుగడ్డను గూర్చి యోబును ప్రశ్నించుచున్నాడు.

భూమి దక్షిణపు కొనయందు అట్టి మంచుఖండము కలదు. దాని పేరు అంటార్కిటికా. 1959లో పండ్రెండు దేశములు దానిని శాంతికార్యములకే వాడుదుమని ఒడంబడిక చేసికొనెను. 1983లో మన దేశమును అందులో చేరెను. 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందము అక్కడ గనులు త్రవ్వుటను నిషేధించెను. అయితే 2048 తరువాత, నిర్ణయాధికారముగల దేశము ఏదైనను దానిని తిరిగి విచారింపవలెనని కోరవచ్చును. నేడు మన సండేస్కూలులో కూర్చున్న పిల్లల కాలమున ఆ ప్రశ్న లేవవచ్చును.

"బిచ్కుందవారికి ఆ మంచుతో ఏమి పని?" అని కొందరు అడుగుదురేమో. ఆ మంచు కరిగినకొలది సముద్రము పెరిగి తీరగ్రామముల నేలను మ్రింగును. అది నిజమే గాని, అంతకంటె లోతైన సంగతి కలదు. తనకు పనికివచ్చుదానిని వ్యాపారియు కాపాడుకొనును. తనకు పనికిరాకున్నను, యజమానునిదని ఎరిగి పాడుచేయక విడుచువాడే నమ్మకమైన గృహనిర్వాహకుడు. భూమి దేవునిదనియు, మనము అందులో పరవాసులమనియు లేవీయకాండము 25:23 బోధించుచున్నది.

ఈ పాఠము నేర్చుకొనుటకు ధ్రువమునకు పోనక్కరలేదు. మన మంజీరలోని ఇసుక నీటిని పట్టియుంచును. అది తరిగిపోయినయెడల ఒడ్డు బావులు ఎండును. ఎవరును చూడని రాత్రివేళ బండికెత్తు ఇసుక ఎవరిది? ఆ జవాబు మన యింట సరిగా నున్నయెడల, రేపు మన బిడ్డలు దూరపు మంచును గూర్చియు సరిగా జవాబియ్యగలరు. ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.